హీరోలు లేని నాలుగో పుస్తకం

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వండన్నా అంటూ సంపాదకవర్గం తమ్ముళ్ళు మా గదికి వచ్చినప్పుడు, పీజీ వాళ్ళు కదా, పోటీ పరీక్షల మెళకువల మీదో, లక్ష్యసాధన మీదో రాస్తారని అనుకుని ఉంటారు. వాటి మీద మాకన్నా బాగా రాసేవాళ్ళు మన హాస్టల్లో చాలామందే ఉన్నారు. మేము ఒక ఇంగ్లీషు నవల గురించి రాస్తున్నాం. అదీ మొత్తం నవల కాదు, ఏడు భాగాలుగా రావాల్సిన పెద్ద కథలో నాలుగో భాగం. చదివినవాళ్ళలో చాలామందికి నచ్చని భాగం. అయినా దాని మీద మా గదిలో జరిగినంత వాదన మెస్ మెనూ మీద కూడా జరగలేదు.

ఆ కథ రాసింది అమెరికా రచయిత జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్. కథ పేరు 'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్'. ఈ పేరు తెలియకపోయినా 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' అంటే మీలో చాలామంది గుర్తుపడతారు. 2011 నుంచి 2019 వరకు టీవీలో వచ్చిన ఆ సీరియల్‌ని సీనియర్ అన్నల ల్యాప్‌టాప్‌లో ఒక్కో రాత్రి నాలుగేసి ఎపిసోడ్లు చూసిన బ్యాచ్ మాది. దానికి మూలం ఈ పుస్తకాలే. వెస్టెరోస్ అనే కల్పిత దేశంలో సింహాసనం కోసం పెద్ద పెద్ద వంశాలు కొట్టుకు చావడం కథ. మొదటి భాగం 1996లో, రెండోది 1998లో, మూడోది 2000లో వచ్చాయి. మూడో భాగంలో రచయిత మనల్ని ఊపిరి తీసుకోనివ్వడు. ఒక పెళ్ళి విందులో ఊచకోత, ఇంకో పెళ్ళిలో రాజుకు విషం, కొడుకు చేతిలో తండ్రి చావు. అక్కడ ఆపి పాఠకులను ఐదేళ్ళు కూర్చోబెట్టాడు.

2005లో నాలుగోది వచ్చింది. పేరు 'ఎ ఫీస్ట్ ఫర్ క్రోస్'. కాకులకు విందు అని అర్థం. యుద్ధం ముగిశాక శవాల మీద వాలే కాకులన్నమాట. తెరిచి చూస్తే ముగ్గురు ముఖ్యులు కనబడలేదు. మరుగుజ్జు టిరియన్ లేడు. డ్రాగన్ల తల్లి డెనేరిస్ లేదు. జాన్ స్నో వేరేవాళ్ళ అధ్యాయంలో అలా కనిపించి పోతాడు.

ఎందుకిలా చేశాడంటే, మూడో భాగం తర్వాత కథలో ఐదేళ్ళు దాటేద్దామని మార్టిన్ మొదట అనుకున్నాడు. పిల్లలు పెద్దవాళ్ళవుతారు, డ్రాగన్లు ఎదుగుతాయి. తీరా రాయబోతే ఆ ఐదేళ్ళలో ఏం జరిగిందో ప్రతి ఒక్కరూ తలుచుకుంటూ కూర్చోవాల్సి వస్తోంది. దాన్ని వదిలేసి మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి రాసింది ఒక పుస్తకంలో పట్టలేదు. అందరి కథా సగం దాకా చెప్పి ఆపేకన్నా, సగం మంది కథ పూర్తిగా చెబుదామని నిర్ణయించుకుని, మిగతా సగం మందిని ఐదో భాగానికి జరిపాడు. పుస్తకం చివర ఒక గమనిక పెట్టి, వాళ్ళు వచ్చే ఏడాది వస్తారని ఆశ చూపించాడు. వాళ్ళు వచ్చింది 2011 జూలైలో.

అమ్మకాలకేమీ లోటు రాలేదు. న్యూయార్క్ టైమ్స్ జాబితాలో ఈ వరసలోంచి మొదటి స్థానానికి చేరిన మొదటి పుస్తకం ఇదే. టైమ్ పత్రికలో లెవ్ గ్రాస్‌మన్ మార్టిన్‌ని అమెరికా టోల్కీన్ అన్నాడు. 2006లో హ్యూగో పురస్కారం పోటీలో కూడా నిలిచింది. పాఠకులు మాత్రం రెండుగా చీలిపోయారు. ఐదేళ్ళు ఆగితే సగం పుస్తకం చేతిలో పెట్టాడని కొందరి కోపం. కథ ముందుకు నడవలేదని కొందరి కోపం. ఓపిక ఉన్నవాళ్ళు నాలుగు, ఐదు భాగాల అధ్యాయాలను కలిపి, ఏది ముందు ఏది వెనక చదవాలో వరస తయారు చేసుకున్నారు. రచయిత చింపినదాన్ని పాఠకులు కుట్టుకున్నారు.

మా దగ్గరికి ఆ పుస్తకం చాలా ఆలస్యంగా వచ్చింది. ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ మొదటి భాగం, రెండో భాగం ఒక్కొక్కటే దొరికాయి. మూడోదాన్ని రెండు పుస్తకాలుగా విడగొట్టి అమ్ముతారు. ఆ రెండూ రెండు వేరు వేరు కుప్పల్లో, రెండు వేరు వేరు నెలల్లో దొరికాయి. నలుగురం డబ్బులు వేసుకుని కొనేవాళ్ళం. నలుగురం పదో తరగతి దాకా తెలుగు మీడియమే. రాత్రి అన్నాలయ్యాక ఒకడు ఇంగ్లీషులో చదువుతూ తెలుగులో చెప్పుకుపోవాలి, అర్థం కాని మాట వస్తే ఇంకొకడు ఫోన్‌లో వెతకాలి. వంశాల పేర్లు గుర్తుండడానికి తలుపు వెనక చాక్‌పీసుతో వంశవృక్షాలు గీశాం. వార్డెన్ సార్ ఒకసారి తనిఖీకి వచ్చి చూసి, హిస్టరీ బాగా చదువుతున్నారని మెచ్చుకుని వెళ్ళారు.

నాలుగో భాగం మొదలుపెట్టిన వారానికే గది చీలింది.

ఖమ్మం వాడు టిరియన్ అభిమాని. రెండొందల పేజీలు గడిచినా టిరియన్ రాకపోయేసరికి పుస్తకం మంచం మీదికి విసిరేశాడు. "రజనీకాంత్ సినిమా అని టికెట్ కొన్నాక లోపల రజనీకాంత్ లేకపోతే ఏం చేస్తావురా?" అన్నాడు. నల్గొండ అన్న మాకన్నా నాలుగేళ్ళు పెద్ద, గ్రూప్స్‌కి చదువుతున్నాడు. ఆయనకు నచ్చడం నచ్చకపోవడం కాదు, లెక్క. రోజుకు గంటన్నర చొప్పున ఈ పుస్తకానికి ఎన్ని గంటలు పోయాయో, అన్ని గంటల్లో ఇండియన్ పాలిటీ ఎన్నిసార్లు తిరగేయవచ్చో కాగితం మీద వేసి చూపించాడు. ఆ లెక్కలో తప్పు లేదు. మన ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు గంట అంటే ఏమిటో ఆ కాగితం చూస్తే తెలుస్తుంది. లెక్క చూపించి కూడా ఆయన రాత్రి తొమ్మిదికి వచ్చి కూర్చునేవాడు, అది వేరే విషయం.

మాలో ఈ వ్యాసం రాస్తున్నవాడికి పుస్తకం మొదటి అధ్యాయమే పట్టుకుంది. ఓల్డ్‌టౌన్ అనే నగరంలో సిటాడెల్ అని విశ్వవిద్యాలయం లాంటిది ఉంటుంది. అక్కడ డిగ్రీ కాగితం ఉండదు. ఒక్కో శాస్త్రం నేర్చుకుని గురువు ముందు నిరూపించుకుంటే ఒక్కో లోహంతో చేసిన గొలుసు కొక్కెం ఇస్తారు. అవి కూడితే మెడలో గొలుసు అవుతుంది. అప్పుడు పండితుడు. పేట్ అనే కుర్రవాడు పదమూడేళ్ళకు అక్కడికి వచ్చాడు. ఐదేళ్ళయింది. మెడలో ఒక్క కొక్కెం లేదు. అతని పేరు పందులు కాసేవాడి కథల్లోని పేరు, అందుకని పెద్దింటి కుర్రవాడొకడు అదే పేరుతో ఎగతాళి చేస్తుంటాడు. పేట్ రెండుసార్లు పరీక్షకు వెళ్తాడు. మొదటి గురువు మాటలతో కోస్తాడు. మళ్ళీ ధైర్యం తెచ్చుకోవడానికి రెండేళ్ళు పడుతుంది. రెండో గురువు చాలా మంచివాడు, ఒక్క మాట అనడు, నిట్టూరుస్తాడు. ఆ నిట్టూర్పు కూడా మొదటాయన మాటలంతగానూ గుచ్చుకుంటుంది.

ఇద్దరు గురువులూ మాకు తెలుసు. మొదటాయన గురించి ఈ సంచికలో రాయాల్సిన పనిలేదు, ఎవరి అనుభవం వాళ్ళకుంది. రెండో ఆయన గురించి చెప్పాలి. డిగ్రీలో ఒక వైవాకు వెళితే, జవాబు తెలిసి కూడా ఇంగ్లీషులో వాక్యం కూడక నిలబడితే, ఎదుటి మేడం గారు ఎంతో దయగా "పరవాలేదులే బాబూ" అని పాస్ మార్కులు వేసి పంపించారు. ఆ దయ ఇప్పటికీ జీర్ణం కాలేదు. మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్ళు మాకు ముందు లేరు. ఎం.ఏ.లో చేరాక అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "ఇంకెన్ని క్లాసులున్నయ్ కొడుకా?" అని అడుగుతుంది. పదో తరగతి తర్వాత ఎన్ని ఉంటాయో ఆమెకు చెప్పినవాళ్ళెవరూ లేరు. ఆమె అడిగేది కూడా కొక్కేల లెక్కే.

పేట్ ఆ మొదటి అధ్యాయం దాటి బతకడు. ఈ వరసలో ప్రతి భాగం తొలి అధ్యాయం ఎవరి కళ్ళతో సాగుతుందో వాళ్ళకు చావు రాసిపెట్టి ఉంటుంది. చచ్చేవాడి కోసం ఇన్ని పేజీలెందుకని ఖమ్మం వాడన్నాడు. కానీ పుస్తకం ఆఖరి అధ్యాయం మళ్ళీ అదే సిటాడెల్‌కి వస్తుంది. తండ్రి వెళ్ళగొట్టిన, బొద్దుగా ఉండే, పుస్తకాలంటే ప్రాణమిచ్చే శామ్‌వెల్ అనేవాడు చదువు కోసం ఆ గుమ్మం ఎక్కుతాడు. ఆఖరి పేజీలో ఒక పేరు వినిపిస్తుంది. అది విన్న రాత్రి ఖమ్మం వాడే లైటు వేయించి తొలి అధ్యాయం మళ్ళీ చదివించాడు. సీరియల్ చూసినవాళ్ళకు ఈ పేట్ తెలియడు, అందులో లేడు.

అసలు తగువు మాత్రం బ్రియెన్ దగ్గర వచ్చింది. ఈమె ఆడ యోధురాలు. అందగత్తె కాదని లోకమంతా నవ్వుతుంది, కత్తి పడితే మగవాళ్ళు నిలబడలేరు. తప్పిపోయిన ఒక దొరల పిల్లను వెతికి కాపాడతానని మాట ఇచ్చి బయలుదేరుతుంది. ఈ భాగంలో ఎనిమిది అధ్యాయాలు ఈ వెతుకులాటే. యుద్ధంలో కాలిపోయిన ఊళ్ళు, చెట్లకు వేలాడే శవాలు, దిక్కులేని పిల్లలు ఉండే పూటకూళ్ళ ఇల్లు. దారిలో కనిపించిన ప్రతి ఒక్కరినీ, పదమూడేళ్ళ పిల్లను చూశారా అని అడుగుతూ పోతుంది. అయితే ఆ పిల్ల ఎక్కడుందో చదివేవాళ్ళకు ముందే తెలుసు. ఈమె వెతికే దిక్కున లేనే లేదు. చాలామంది పాఠకులకు విసుగు పుట్టింది ఇక్కడే. దొరకదని తెలిసిన వెతుకులాట ఎనిమిది అధ్యాయాలు ఎందుకు చదవాలి? న్యాయమైన ప్రశ్నే. మా గదిలో ముగ్గురం ఆ మాటే అన్నాం.

నాలుగోవాడు, పాలమూరు వాడు, అప్పటిదాకా పెద్దగా మాట్లాడలేదు. వాళ్ళ ఇంట్లో అందరూ వలస పనికి పోయేవాళ్ళే. "మనకు తెలుసు, ఆమెకు తెల్వదు గదా" అన్నాడు. తర్వాత మామూలు గొంతుతోనే చెప్పాడు. "మా అన్న ఫోన్ ఎత్తకుంటే మా నాయిన పుణె పోయి పన్నెండు రోజులు అడ్డా అడ్డా తిరిగిండు. అన్న అప్పటికే సూరత్‌ల ఉన్నడు. నాయినకు తెల్వదు. మరి ఆ పన్నెండు రోజులు తిరిగింది ఉత్తదేనా?"

ఆ రాత్రి నుంచి బ్రియెన్ అధ్యాయాలు వాడే చదివాడు. మాలో అందరికన్నా వాడికే ఇంగ్లీషు తక్కువ. ఒక్కో పేజీకి పావుగంట పట్టేది. అయినా పుస్తకం ఇంకొకరికి ఇవ్వనిచ్చేవాడు కాదు.

బ్రియెన్ దారిలో మెరిబాల్డ్ అనే పూజారి కలుస్తాడు. చెప్పులుండవు. గాడిద మీద సరుకులు వేసుకుని పేదల ఊళ్ళు తిరుగుతాడు. వెంట ఒక కుక్క, దాని పేరు కూడా కుక్కే. నారింజపండ్లంటే ఇష్టం. చదవడం రాదు, ఆ మాట నవ్వుతూ చెప్పుకుంటాడు, కానీ ప్రార్థనలన్నీ నోటికి వచ్చు. మా ఊళ్ళో చిందు భాగోతం ఆడే పెద్దమనిషి ఇలాగే ఉండేవాడు. సంతకానికి వేలిముద్రే. పద్యం ఎత్తుకుంటే తెల్లవార్లూ తడుముకోడు. ఆ మెరిబాల్డ్ ఒకచోట, సైన్యం నుంచి పారిపోయి అడవుల్లో దొంగలుగా మారినవాళ్ళ గురించి మాట్లాడతాడు. వాళ్ళు ఎలా మొదలవుతారో చెబుతాడు. ఊరు దాటి ఎరగని కుర్రవాళ్ళు అన్నల వెంట, స్నేహితుల వెంట, దొర పిలిచాడని బయలుదేరతారు. సరైన ఆయుధం ఉండదు, కాళ్ళకు ఉన్నవి అరిగిపోతాయి, తోడు వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే పోతారు, ఒకరోజు లోపల ఏదో తెగిపోతుంది. ఆయన కూడా చిన్నతనంలో అన్నలతో అలా వెళ్ళినవాడే. అన్నలు తిరిగి రాలేదు. ముందరి మూడు భాగాల్లో సైన్యాలు వేలల్లో అంకెలుగా వచ్చి పోతాయి. ఆ అంకెలో ఒక్కడిని పట్టుకుని వాడి కాళ్ళ దగ్గర్నుంచి చెప్పింది ఇక్కడే. కథ నడవడం లేదని కోప్పడిన పాఠకుల్లో కూడా చాలామంది ఈ ఒక్కచోటుని మెచ్చుకుంటారు.

అలాగని పుస్తకంలో లోపాలు లేవనం. సెర్సీ రాణి అధ్యాయాలు పది. ఆమె తెలివితక్కువతనం మూడింట్లోనే అర్థమవుతుంది, మిగతా ఏడూ అదే మాట. ఇనుప ద్వీపాల వాళ్ళ అధ్యాయాలకు, డోర్న్ వాళ్ళ అధ్యాయాలకు మనిషి పేరు పెట్టకుండా ప్రవక్త, కాపలాదారుల నాయకుడు అంటూ బిరుదులు పెట్టాడు. ఎవరు ఎవరో తేలేసరికి అధ్యాయం అయిపోతుంది. పాత మనుషుల కోసం ఎదురుచూస్తున్నవాళ్ళకు ఇంతమంది కొత్తవాళ్ళను ఒకేసారి పరిచయం చేస్తే కోపం రాదా? వచ్చే ఏడాది అని చెప్పి ఆరేళ్ళు ఆగిన మాట కూడా పాఠకులు మరిచిపోలేరు. 2011 తర్వాత పద్నాలుగేళ్ళు గడిచినా ఆరో భాగం రాలేదు. ఇక ఏడోదాని గురించి అడగనే అక్కర్లేదు.

మధ్యలో ఆగడమనేది కొత్తదేమీ కాదు. టోల్కీన్ 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రెండో భాగం 1954 నవంబరులో వచ్చింది. హీరో శత్రువులకు చిక్కి, నమ్మకమైన తోడు మూసిన తలుపు బయట పడి ఉండగా అది ఆగిపోతుంది. మూడో భాగం వచ్చేసరికి 1955 అక్టోబరు. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడో తెలియక మనమంతా 2015 జూలై నుంచి 2017 ఏప్రిల్ దాకా ఆగాం. అన్నిటికన్నా పెద్ద ఎదురుచూపు మన భారతానిది. పదకొండో శతాబ్దంలో నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. పదమూడో శతాబ్దంలో తిక్కన దాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి అందుకున్నాడు. మిగిలిన అరణ్యపర్వం పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన చేతికి వచ్చింది. పాండవులు అడవిలో పన్నెండేళ్ళే ఉన్నారు, తెలుగు పాఠకులు ఆ అడవిలో దాదాపు మూడు వందల ఏళ్ళు ఉన్నారు. ఈ మాట చెబితే నల్గొండ అన్న, "పరీక్షలో అడుగుతరు, రాసుకో" అన్నాడు.

నాలుగో భాగంలో బ్రియెన్ ఆఖరి అధ్యాయం ఎలా ఆగుతుందంటే, ఆమె మెడకు ఉరి బిగిస్తారు. ఆమె ఒక మాట అరుస్తుంది. ఆ మాట ఏమిటో రాయడు. అంతే. 2005లో చదివినవాళ్ళు ఆమె బతికిందో లేదో తెలియక ఆరేళ్ళు ఆగారు. మాకు ఐదో భాగం కోసం నాలుగు నెలలు పట్టింది. కొత్తది కొనే స్తోమత లేదు, ఫుట్‌పాత్ మీద ప్రతి ఆదివారం ఏదో ఒకటే దొరికేది, అదెప్పుడూ మొదటి భాగమే.

ఈ నాలుగు నెలల్లోనే పాలమూరు వాళ్ళ నాయిన సెంట్రింగ్ పనిలో మూడో అంతస్తు మీద నుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది, నడుము పోయింది. రెండో సెమిస్టర్ పరీక్షలకు నెల ముందు వాడు ట్రంకు పెట్టె సర్దుకున్నాడు. ఇప్పుడు వాళ్ళ టౌన్‌లో ఒక సిమెంటు దుకాణంలో లెక్కలు రాస్తున్నాడు. హాల్ టికెట్ ఇంకా మా దగ్గరే ఉంది. పేపర్లు తర్వాత రాసుకోవచ్చని మేము చెప్తాం, ఆ చూద్దాం అంటాడు. వాడి మంచం మీదికి ఇంకో తమ్ముడు వచ్చాడు.

ఐదో భాగం దొరికింది వాడు వెళ్ళిన ఆరు వారాలకు. ఇదీ రెండు పుస్తకాలే. మేము ముగ్గురం పోటీపడి చదివేశాం. బ్రియెన్ ఏమైందో మాకు తెలిసిపోయింది. వాడికి చెప్పాలా వద్దా అని గదిలో మళ్ళీ తగువు. ఖమ్మం వాడు చెప్పేద్దామన్నాడు. "పొద్దున ఏడింటికి దుకాణం తీసి రాత్రి తొమ్మిదికి మూసేవాడు అన్ని పేజీలు ఎప్పుడు చదువుతాడు? ఒక్క మాటలో చెప్పేస్తే అయిపోతుంది కదా." అదీ నిజమేననిపించి ఫోన్ చేశాం. మేము నోరు తెరిచేలోపే వాడు, "పుస్తకం దొరికిందా? చెప్పొద్దురా. ఏం చెప్పొద్దు. నేనే చదువుకుంట" అన్నాడు.

గంటల లెక్క వేసిన నల్గొండ అన్నే అట్ట పెట్టె తెచ్చి, మొదటి పుస్తకం, దానితోపాటు మన డిక్షనరీ పెట్టి, బస్టాండుకు వెళ్ళి ఆర్టీసీ కార్గోలో వేసి వచ్చాడు. పార్శిల్ డబ్బులు అడిగితే చెప్పలేదు.

బ్రియెన్ బతికిందో లేదో ఇక్కడ రాయడం లేదు. ఈ సంచిక కాపీ ఒకటి వాడికీ పంపాలి. మొన్న ఆదివారం ఫోన్ చేశాడు. రెండొందల నలభయ్యో పేజీలో ఉన్నాడట. ఇందులో అందరూ ఉన్నారు, టిరియన్ ఉన్నాడు, జాన్ స్నో ఉన్నాడు, డ్రాగన్లున్నాయి, ఆమె ఒక్కతే లేదేమిట్రా అని మా మీద అరిచాడు. రెండో పుస్తకం ఎప్పుడు పంపుతారని అడిగాడు. ముందు ఇది పూర్తి చెయ్యమన్నాం.